యంకమ్మ పాలు తాగిన బిడ్డ

సిరిగేరి చుట్టుపక్కల వరినాట్లు వేసే ఆడవాళ్ల గుంపులు పదిదాకా ఉన్నా సిద్ధమ్మ గుంపు లెక్క వేరు. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలారని చెవిన పడగానే రైతులు నారుమడి సంగతి పక్కనపెట్టి ముందు సిద్ధమ్మ ఇంటికి పరుగెత్తేవారు. సిద్ధమ్మ అరవై దాటిన మనిషి. రెండు చేతులకూ మోచేతుల దాకా బొల్లి. ఆ మాట ఆమె ముందర ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు, ఆమె నోటికి జడవని మగవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఆ గుంపులో యంకమ్మ ఒకతి. పన్నెండో ఏట మడిలో దిగి, పాతికేళ్లు వచ్చేసరికి సిద్ధమ్మకు కుడిభుజం అయింది. వంచిన నడుము ఎత్తకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పోయేది. ఆమె వరసను చూసి మిగతావాళ్లు తమ వరస సరిచేసుకునేవాళ్లు. మనిషి పొడుగు, మాట పొట్టి. సిద్ధమ్మను అత్తా అని, ఆమె కూతురు మారమ్మను పేరుపెట్టి మారీ అని పిలిచేది. చుట్టరికం లేదు, పిలుపే చుట్టరికం.

సిద్ధమ్మ గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. చంటిబిడ్డల తల్లులంతా మడిలో దిగితే ఎవరి బిడ్డ ఏడ్చినా నాటు ఆగిపోతుంది. అందుకని గట్టు మీది తుమ్మచెట్లకు చీర ఉయ్యాలలు కట్టి ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టేవాళ్లు. ఆ మనిషికీ మడిలో దిగినంత కూలీ. ఏ తల్లికైనా పాలు పడకపోతే గుంపులో పాలున్న ఇంకో తల్లికి ఆ బిడ్డను అప్పగించేవాళ్లు. ఒకసారి అప్పగించాక మరి మార్చేది లేదు. ఇద్దరి పాలు ఒక కడుపులో పడితే అవి కొట్లాడుకుంటాయని, బిడ్డకు అరగదని సిద్ధమ్మ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఏ డాక్టరూ ఒప్పుకోడు. కానీ ఇప్పుడు తలుచుకుంటే, మిగతా బిడ్డలను కాపాడింది అదేనేమో అనిపిస్తుంది.

యంకమ్మ మొగుడు సోమప్ప బియ్యం మిల్లు లారీ మీద హమాలీ. బస్తాలతో పాటు హుబ్బళ్లికీ, గోవాకూ పోయి వచ్చేవాడు. మంచివాడే. తాగేవాడు కానీ కొట్టేవాడు కాదు. మగవాడు మంచివాడని చెప్పడానికి మన దగ్గర ఇంతకంటే పెద్ద కొలత లేదు మరి. తొంభై ఆరు మొదట్లో దగ్గి దగ్గి, బక్కచిక్కి చనిపోయాడు. క్షయ అన్నారు. నాలుగు నెలలకు, నడక రాబోతున్న కొడుకు ఎర్రిస్వామి విరేచనాలు పట్టుకుని పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరు నాలుగు రోజులు నొచ్చుకుని, అయిదో రోజు తన పని తాను చూసుకుంది.

యంకమ్మకు ఏమీ అనిపించలేదు. అది ధైర్యం కాదు, గుండె రాయి చేసుకోవడం కూడా కాదు. పొద్దస్తమానం నీళ్లలో నానిన కాలికి ముల్లు దిగినా తెలియదు, అట్లా అయిపోయింది మనిషి. పొద్దున లేచేది, అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒంట్లో పాలు మాత్రం బిడ్డ పోయిన సంగతి తెలియనట్టు వస్తూనే ఉన్నాయి. రవిక తడిసి ఆరి అట్టకట్టేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మారమ్మకు ఆడపిల్ల పుట్టింది. బాలింతకు జ్వరం, రొమ్ములో గడ్డ, పాలు లేవు. పోయిన బిడ్డకు పదకొండో రోజు గడవగానే సిద్ధమ్మ ఆ పసిగుడ్డును తీసుకొచ్చి యంకమ్మ ఒళ్లో పడేసింది.

"ఇట్ల కూచుంటే పోయినోడు వస్తాడా మే? నీ పాలు ఊరకే కారిపోతాండాయి, ఇది ఆకలికి సచ్చిపోతాంది. పట్టుకో."

యంకమ్మ పట్టుకుంది. బిడ్డ నోరు తగలగానే ఒళ్లంతా ఒకసారి జలదరించింది. ఆ తర్వాత పది నెలలు, వచ్చే ఉగాది దాకా, ఆ పిల్లకు ఆమె పాలే. పంపమ్మ అని పేరు పెట్టారు, పంపి అని పిలిచారు. యంకమ్మ గట్టు మీద కూర్చుని పాలిచ్చేది, మారమ్మ మడిలో దిగి నాటు వేసేది. పిల్ల గుండ్రంగా తయారైంది. ముక్కు కూడా యంకమ్మ ముక్కే వచ్చిందని గుంపంతా అనేది. పాలు తాగితే ముక్కు ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. ఉగాది దాటాక వేపాకు నూరి పూసి పాలు మాన్పించారు. మాన్పించినా పిల్ల చెయ్యి మాత్రం నిద్రలో యంకమ్మ రవిక కోసం వెతుక్కునేది. ఆ రెండేళ్లలో యంకమ్మ తాను బతికి ఉన్నట్టు అనుకున్నది ఆ పిల్ల ఒళ్లో ఉన్న సమయంలోనే.

తొంభై ఏడు దసరా నెలలో యంకమ్మ నడుము చుట్టూ పొక్కులు లేచాయి. మంట. అక్కడి వాళ్లు దాన్ని సర్పసుత్తు అంటారు. ఎర్రమట్టి పూసి, దాని మీద పాము బొమ్మ గీస్తే తోకా తలా కలవకుండా ఆగిపోతుందని నమ్మకం. యంకమ్మ గీయించుకుంది. మూడు వారాలైనా తగ్గలేదు. సిరుగుప్పలో సర్కారు డాక్టరు పొక్కులు చూశాడు, మొగుడు ఎట్లా పోయాడని అడిగాడు, మాట్లాడకుండా చీటీ రాసి బళ్లారి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ చేతికి పట్టీ కట్టి రక్తం తీసుకున్నారు, వారం తర్వాత రమ్మన్నారు.

వారం తర్వాత ఆమెను కూర్చోబెట్టింది పంకజాక్షి. బళ్లారి బజారులో మూడు తరాలుగా గుడ్డల కొట్టు నడిపే ఇంటి ఆడబిడ్డ. రక్తపరీక్షకు వచ్చిన వాళ్లతో మాట్లాడడమే ఆమె ఉద్యోగం. ఇంట్లో వాళ్లు మాత్రం పిల్లల వార్డులో పని అని చెప్పుకునేవాళ్లు.

"నీ రక్తంలో హెచ్‌ఐవి అనే క్రిమి ఉండాదమ్మా," అంది పంకజాక్షి. "ఎయిడ్స్ అని రేడియోలో చెప్తారు చూడు, దాన్ని తెచ్చే క్రిమి ఇది. నీకు ఇంకా ఆ రోగం ముదరలేదు. మీ ఆయన నుంచి వచ్చి ఉంటాది. నీ తప్పేం లేదు."

యంకమ్మ తల ఊపింది. కూలీ రేటు చెబితే ఎట్లా ఊపుతుందో అట్లాగే ఊపింది.

"మందు ఉండాదా?"

"పూర్తిగా నయం చేసే మందు ల్యాదు. పొక్కులకు, జ్వరానికి, దగ్గుకు మందు ఉండాది. బాగా తిని, వచ్చిన జబ్బు వచ్చినట్టే చూపించుకుంటే ఏళ్లు గడుస్తాయి."

అప్పుడు పంకజాక్షి ఆ క్రిమి ఎట్లా వస్తుందో చెప్పింది. రోజుకు పదిమందికి చెప్పే మాటలే అయినా చదివినట్టు చెప్పలేదు. "దీనికి కొన్ని దార్లే ఉండాయి. అది ఉన్నోళ్లతో పడుకుంటే వస్తాది, అందుకే నిరోధు వాడమనేది. వాళ్ల రక్తం ఎక్కించినా, వాళ్లకు గుచ్చిన సూది ఉడకబెట్టకుండా ఇంకొకరికి గుచ్చినా వస్తాది. ఇంగ తల్లి నుంచి బిడ్డకు. తాకితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దగ్గితే రాదు, దోమ కుట్టినా రాదు."

"జలగ?" అంది యంకమ్మ.

"ఏంది?"

"మడిలో జలగ నన్ను కరిచి, నా పక్కనామెను కరిస్తే?"

పంకజాక్షి జీవితంలో మడిలో కాలు పెట్టలేదు. ఆమెకు నేర్పిన పుస్తకంలో జలగ లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పని గుణం ఆమెది. లేచి పోయి డాక్టరును అడిగి వచ్చి, "రాదంటమ్మా, నిశ్చింతగా దిగు," అంది. యంకమ్మకు పంకజాక్షి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

"తల్లి నుంచి బిడ్డకు అన్నావు. ఎట్ల?"

"కడుపులో ఉన్నప్పుడు రావచ్చు, కాన్పులో రావచ్చు. ఆ తర్వాత పాలల్లో."

కొడుకు ఎట్లా పోయాడో యంకమ్మకు అప్పుడు అర్థమై ఉండాలి. కానీ ఆమె నోటి నుంచి వచ్చిన మాట కొడుకు గురించి కాదు.

"వేరే వాళ్ల బిడ్డ తాగితే?"

పంకజాక్షి రాస్తున్న కలం ఆపింది. ఎన్నాళ్లు ఇచ్చావు, ఎప్పుడు మానావు అని మెల్లగా అడిగి తెలుసుకుంది. "తాగిన ప్రతి బిడ్డకూ రాదమ్మా. ఎక్కువ మందికి రాదు. వచ్చిందా ల్యాదా అన్నది ఆ బిడ్డ రక్తం చూస్తేనే తెలిసేది. పాలు మాని ఆరు నెలలు దాటినాయి కాబట్టి ఇప్పుడు చూస్తే నిజమే చెప్తాది. మూడు నెలల లోపల అయితే ఉన్నా కనపడకపోవచ్చు, ఇప్పుడు ఆ భయం ల్యాదు. వాళ్లమ్మను తోలుకొని రా."

"వాళ్లమ్మకు ఏం చెప్పేది?"

నీ సంగతి మేము ఎవరికీ చెప్పం, చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం అంది పంకజాక్షి. ఇష్టమంట! ముందు నుయ్యి, వెనక గొయ్యి చూపించి ఎటు పడతావో నీ ఇష్టం అన్నట్టుంది. చెబితే గుంపులో చోటు పోతుంది, పిల్ల పోతుంది. చెప్పకపోతే, పిల్లకు ఏమన్నా ఉంటే, ఎర్రిస్వామి పోయినట్టే ఎవరికీ తెలియకుండా పోతుంది.

యంకమ్మ చెప్పలేదు. రెండు వారాలు చెప్పలేదు. ఆమెను మెచ్చుకోవాలని ఉన్నా ఈ సంగతి దాచడం కుదరదు. మామూలుగా పనికి పోయింది, మామూలుగా తిరిగి వచ్చింది. పిల్ల ఎదురొస్తే ఎత్తుకుంది. ఎత్తుకుని నుదుటి మీద చెయ్యి వేసి చూసేది, వేడి లేకపోతే దించేది. తన చావు గురించి ఆమె ఒక్కసారి కూడా ఆలోచించినట్టు లేదు.

మూడో వారంలో పంపికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకు కళ్లు లోపలికి పోయాయి. ఎర్రిస్వామి కళ్లు కూడా రెండో రోజుకే అట్లా అయ్యాయి. యంకమ్మ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు గిన్నెలో తెచ్చి గుక్క గుక్కగా పోస్తూ పగలంతా కూర్చుంది. సాయంత్రానికి పిల్ల తేరుకుని బెల్లంముక్క అడిగింది. అప్పుడు యంకమ్మ గిన్నె కింద పెట్టి, వాకిట్లో బియ్యం చెరుగుతున్న సిద్ధమ్మతో, పక్కనే ఉన్న మారమ్మతో అంతా చెప్పేసింది. ఆసుపత్రిలో విన్నది విన్నట్టు, వరస తప్పకుండా చెప్పింది. తాకితే రాదని, పాలల్లో రావచ్చని, రావాలని లేదని, బిడ్డ రక్తం చూపించాలని.

తిట్లకు సిద్ధపడే చెప్పింది. తిట్లు రాలేదు. సిద్ధమ్మ చేట దించింది. మారమ్మ లేచి పిల్లను చంకనేసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"పిల్లను బళ్లారికి తోలుకొని పోదాం అత్తా," అంది యంకమ్మ.

"ఏంటికి?"

"రక్తం చూస్తారంట. కాగితం ఇస్తారు."

"ఇంగో కాగితం ఏంటికి మే? నీ కాగితమే దానికీ," అంది సిద్ధమ్మ. గొంతు పెంచలేదు. "పాలంటే ఏంది, రగతమే గదా తెల్లగా దిగేది. పది నెలలు నీ రగతం తాగి పెరిగినాది. నీకు ఉంటే దానికీ ఉన్నట్టే. దాన్ని మళ్లీ సూదులతో పొడిపించాల్నా?"

అక్కడితో అయిపోయిందనుకున్నారు. ముక్కు యంకమ్మదే వచ్చిందని ముచ్చటపడ్డ గుంపు, ఇప్పుడు రోగమూ యంకమ్మదే వచ్చిందని నమ్మింది. పరీక్ష లేదు, కాగితం లేదు, తీర్పు మాత్రం వచ్చేసింది. ఉరుకుంద ఈరన్న గుడి దగ్గర పంపికి పుట్టెంట్రుకలు తీయించాలని కార్తీకానికి మొక్కుకుని ఉన్నారు. పోయే బిడ్డకు పుట్టెంట్రుకలు ఎందుకని మానేశారు. మారమ్మ ఏడవలేదు, అరవలేదు. పిల్ల మన్ను తింటే కొట్టడం మానేసింది. ఏది అడిగితే అది చేతిలో పెట్టేది. బోరు వేసే బండి మీద ఊళ్లు తిరిగే మారమ్మ మొగుడు పక్కీరప్పకు కబురు కూడా చెయ్యలేదు. వచ్చినప్పుడు తెలుస్తుందిలే అనుకున్నారు.

గుంపు యంకమ్మను వెళ్లగొట్టలేదు. అది ఆమె ఊహించనిది. మధ్యాహ్నం సద్దిమూటలు విప్పినప్పుడు కొంచెం ఎడంగా కూర్చునేవాళ్లు, అంతే. ఆమెను చూసి మాట తగ్గించేవాళ్లు. చావింటికి వచ్చిన వాళ్లలా ఉండేవాళ్లు. తిట్టి ఉంటే బాగుండేదని యంకమ్మకు అనిపించింది. తిట్లలో కనీసం వేడి ఉంటుంది.

రక్తం ఎవరిది వాళ్లదేనని ఆమె నాలుగుసార్లు చెప్పి చూసింది. చెప్పేవాళ్లంటే వినేవాళ్లకు లోకువ. అయిదోసారి చెప్పలేదు. ఒక పొద్దున నేరుగా సిద్ధమ్మ ఇంటికి పోయి, గడపలో నిలబడి, ఊళ్లో ఎవరూ ఎత్తని మాట ఎత్తింది.

"అత్తా, నీ చేతులకు బొల్లి ఎన్నేండ్ల నుంచి ఉండాది?"

లోపల మారమ్మ చేతిలో చెంబు కిందపడింది. సిద్ధమ్మ తల తిప్పి చూసింది.

"ఏమన్నావు మే?"

"మారిని కనకముందు నుంచీ ఉండాది గదా. మారి నీ పాలే తాగినాది, రెండేండ్లు. మారి చేతులు చూపించు. యాడన్నా ఒక్క మచ్చ ఉండాదా?"

సిద్ధమ్మ చెయ్యి ఎత్తింది. కొట్టడానికే ఎత్తింది. యంకమ్మ కదల్లేదు.

"నీ పాలు తాగితే నీది మారికి రాలేదు. నా పాలు తాగితే నాది పంపికి రావాలని యాడ రాసుండాది? బొల్లి వేరే, ఇది వేరే, అది నాకూ తెలుసు. ఇది పాలల్లో వచ్చేదే. కానీ రాకుండా గూడా ఉంటాది. నా బిడ్డను రక్తం చూపించకుండానే మన్నులో పెట్టినా. దీన్ని బతికుండంగానే పెడతాండారు మీరు."

ఇంత పొడుగు మాట ఆమె జన్మలో మాట్లాడలేదు. ఎత్తిన చెయ్యి సిద్ధమ్మ మెల్లగా దించింది, ఆ తెల్లమచ్చల వంక మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. తర్వాత లోపలికి తిరిగి, "మారీ, బిడ్డకు గౌను తొడుగు," అంది.

బళ్లారికి ముగ్గురూ పోయారు, మారమ్మ, పంపి, యంకమ్మ. పంకజాక్షి మారమ్మకు మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. రక్తం తీసే మనిషి సూది పొట్లాన్ని వాళ్ల కళ్లముందే చింపాడు. పిల్ల ఆసుపత్రి ఎగిరిపోయేటట్టు ఏడ్చింది. పిల్లను ఎవరు పట్టుకోవాలో ఒక క్షణం ఎవరికీ తెలియలేదు, పిల్ల రెండు చేతులూ యంకమ్మ వైపు చాచింది. యంకమ్మే పట్టుకుంది. మారమ్మ చూస్తూ నిలబడింది.

"నువ్వూ ఒకసారి చూపించుకుంటావా మారమ్మా?" అని పంకజాక్షి అడిగింది. "మీ ఆయన బోరుబండి మీద ఊళ్లు తిరుగుతాడంటివి."

"మా ఆయన అట్లాంటోడు కాదు," అంది మారమ్మ.

రెండేళ్ల కింద ఎవరైనా అడిగి ఉంటే యంకమ్మ కూడా సరిగ్గా ఆ మాటే అనేది.

కాగితానికి వారం గడువు. ఆ వారం యంకమ్మ ఎట్లా గడిపిందంటే, గడపలేదు, అది గడిచిపోయింది. పనిలో ఆమె వరస మొదటిసారి వంకర పోయింది, ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కోరిక ఒక్కటే. పిల్లకు లేదని కాగితం రావాలి. దానికి బదులుగా ఏం పోయినా ఫరవాలేదని ఏ దేవుడికీ మొక్కలేదు గానీ, మనసులో బేరం మాత్రం అదే.

మళ్లీ శుక్రవారం బళ్లారికి పోయారు. మారమ్మ బెంచీ మీద కూర్చుని పిల్లను గట్టిగా పట్టుకుంది. పంకజాక్షి గది తలుపు తీసుకుని తానే బయటికి వచ్చింది. ఉద్యోగ నియమం ప్రకారం లోపలికి పిలిచి, కూర్చోబెట్టి చెప్పాలి. ఆ రోజు నియమం తప్పింది.

"ల్యాదమ్మా. పాపకు ఏం ల్యాదు."

"మళ్లీ చూడాల్నా?" అంది యంకమ్మ.

"అవసరం ల్యాదు. పాలు మానేసి ఏడు నెలలు దాటినాయి. ఇదే ఖాయం."

మారమ్మ పిల్ల తలను రొమ్ముకు అదుముకుని, ఇన్నాళ్లూ రానిదంతా ఒక్కసారిగా వచ్చినట్టు భోరున ఏడ్చింది. యంకమ్మ పక్కన నిలబడింది. ఆమెకు సంతోషం కలిగింది. అది సంతోషమేనని పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. పంకజాక్షి ఆమె చేతిలో ఆమె మందుల చీటీ పెట్టి, నెలకొకసారి తప్పకుండా రావాలని చెప్పింది. యంకమ్మ వస్తానంది.

బస్టాండులో సిరిగేరి బస్సు ఎక్కారు. ముందు సీట్లో మారమ్మ కిటికీ పక్కన కూర్చుంది, పక్కన యంకమ్మ. బస్సు ఊరు దాటాక పిల్లకు నిద్ర ముంచుకొచ్చింది. తల్లి ఒళ్లోంచి జారి, అలవాటు ప్రకారం యంకమ్మ మీదికి పాకి, చెయ్యి రవిక మీద వేసింది.

మారమ్మ ఆ చెయ్యి తీసింది. విదిలించలేదు, మెల్లగా తీసి తన చీర కొంగు కింద పెట్టుకుంది.

"వదినా," అంది, కిటికీ బయటికి చూస్తూ. "తాకితే రాదని నాకు తెలుసు. ఆయమ్మ రెండుసార్లు చెప్పినాది, నాకు అర్థమైనాది. నువ్వు చెప్పబట్టే ఈ కాగితం వచ్చినాదని గూడా తెలుసు. నీకు చెడ్డ చేస్తాండానని గూడా తెలుసు. అయినా ఇంగ మీద దీన్ని ఎత్తుకోవద్దు. దగ్గరికి రానీయొద్దు. నాకు చాతకాదు, సూస్తా ఉండేదానికి."

యంకమ్మకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. తాకితే రాదని తెలియని వాళ్లకు చెప్పవచ్చు. తెలిసినవాళ్లకు ఏం చెప్పాలి? చెప్పాల్సిందంతా పంకజాక్షి చెప్పేసింది.

"సరే," అంది.

లేచి వెనక సీటుకు పోయి కూర్చుంది. పక్కనే ఉంటే పిల్ల ఊరుకోదని ఆమెకు తెలుసు. పిల్లకు నిద్ర తేలిపోయింది. తల్లి భుజం మీదుగా తల ఎత్తి బస్సంతా వెతికి, నాలుగు సీట్ల వెనక యంకమ్మను పట్టేసింది. "యంకా!" అని చెయ్యి చాచింది. మారమ్మ తిరిగి చూడలేదు.

యంకమ్మ ముందు సీటు చాటుకు వంగింది. కనపడకపోతే మరిచిపోతుందని, నిద్రపోతుందని వంగింది. కాసేపు ఆగి, నిద్రపోయిందేమోనని తల ఎత్తింది. పిల్ల చూస్తూనే ఉంది. యంకమ్మ చప్పున మళ్లీ వంగింది.

పిల్ల కిలకిల నవ్వింది. ఇది ఆట అనుకుంది. యంకమ్మ తల కనపడితే నవ్వు, కనపడకపోతే నవ్వు. ఎన్నాళ్లకో ఆ పిల్ల ఇంత గట్టిగా నవ్వడం, బస్సులో వాళ్లు కూడా తిరిగి చూసి నవ్వుతున్నారు. "బలే ఉండాది పాప, ఎవరితో ఆడుకుంటాండాది?" అన్నాడెవరో. ఆ నవ్వు యంకమ్మకు నేరుగా కడుపులో దిగింది. రెండేళ్లుగా ఏదీ దిగని చోట దిగింది. మొగుడూ, కొడుకూ, ఈ పిల్లా, ముగ్గురూ ఒక్కసారే పోయినట్టు నొప్పి పుట్టింది.

సీట్ల మధ్య ఇరుకులో మోకాళ్ల మీద నుదురు ఆనించి, సిరిగేరి వచ్చేదాకా ఆమె మళ్లీ తల ఎత్తలేదు. పిల్ల మాత్రం ఆమె ఎప్పుడు లేస్తుందా అని చాలాసేపు ఎదురుచూస్తూ నవ్వుతూనే ఉంది.